నోటిదా తప్పు, వేళదా?

చంద్రాపూర్ నడిబొడ్డు దాటి తాడోబా రోడ్డు పట్టుకుంటే వచ్చేది తుకుం. ఇంకా ముందుకు పోతే దుర్గాపూర్, ఊర్జానగర్, 2920 మెగావాట్ల థర్మల్ కేంద్రం పొగగొట్టాలు. బొగ్గుబావుల్లో, కాగితం మిల్లులో పని వెతుక్కుంటూ కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్ళు ఈ జిల్లాలో తరాలుగా ఉన్నారు. అలాంటి ఒక ఇంట్లో జరిగిన వాదం ఇది. పెద్దాయన బొగ్గుబావిలో చేసి రిటైరయ్యారు. ఆయన తమ్ముడి కూతురు ఒక ఆసుపత్రిలో షుగరు రోగులకు తిండి సలహాలు చెబుతుంది. పెద్దాయన కొడుకు కాంట్రాక్టు కార్మికుడు, ముప్పై ఆరేళ్ళవాడు. అతనికి షుగరని రిపోర్టు రావడంతో మాట మొదలైంది. నేను వింటూ కూర్చున్నాను. నా మొగ్గు ఆ అమ్మాయి వైపే. అయినా పెద్దాయన అడిగిన రెండు మూడు ప్రశ్నలకు జవాబు అంత తేలిగ్గా దొరకదు. అందుకే ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

పెద్దబాపు: వానిది నోటి రోగం బిడ్డా, ఇంకోటి కాదు. ఇంట్ల అన్నం ఉంటది, కూర ఉంటది. అది ఇడిసిపెట్టి డ్యూటీ గేటు కాడ నిలవడి పోహా మీద కారపు తర్రి పోయించుకొని తింటడు. గంటకోసారి చాయ్. జేబుల తంబాకు ఖర్రా పుడ. నేను ముప్పై ఏండ్లకు పైన బాయిల చేసిన, డెబ్బై ఏండ్లొచ్చినయి, నాకు షుగర్ లేదు. ఎందుకు లేదు? నోరు కట్టుకున్న.

బిడ్డ: నోరు నువ్వు కట్టుకున్నవు, ఒప్పుకుంట. డబ్బా ఎవలు కట్టిండ్రు పెద్దబాపు?

పెద్దబాపు: మీ పెద్దమ్మ. గప్పుడు అందరి ఇండ్లల్ల గంతే.

బిడ్డ: నేను చెప్పేది గదే. ఫస్టు షిఫ్టు వారం పెద్దమ్మ నాలుగింటికి లేచి జొన్నరొట్టె చేసేది. నైట్ షిఫ్టు వారం నువ్వు పగలు పండుకుంటే పిల్లల్ని సప్పుడు చెయ్యనియ్యకుండ వాకిట్ల కూసోబెట్టి, నువ్వు లేచే యాళ్లకు వేడన్నం పెట్టేది. నీ నియమం నీ ఒక్కనిది కాదు. ఇప్పుడు వదిన ఏడు కొట్టకముందే బడిపనికి పోతది. అన్న డబ్బా ఎవలు కట్టాలె?

పెద్దబాపు: వానికి చేతుల్లేవా? రొట్టె చేసుడు ఆడోళ్ళకే రాసిపెట్టిండ్రా? నేను అట్ల అన్ననా?

ఆయన తరంవాళ్ళ నోట ఈ మాట నేను ఎక్కువగా వినలేదు. న్యాయమైన మాట. ఆమె కూడా దాన్ని దాటేయలేదు.

బిడ్డ: చేసుకోవచ్చు. చేసుకోవాలె కూడా. ఎప్పుడు చేసుకుంటడో నువ్వే చెప్పు. నీకు షిఫ్టు వారానికోసారి మారేది, చార్టు గోడకు అతికించేటోళ్ళు. అన్నకు కాంట్రాక్టరు మనిషి సాయంత్రం ఫోన్ చేసి ‘రాత్రికి రా’ అంటడు. వరుసగ మూడు రాత్రులు చేస్తడు, నాలుగో రోజు పగలు రమ్మంటరు. ఏ పూట ఇంట్ల ఉంటడో వానికే తెల్వదు. పిండి ఎప్పుడు కలపాలె, కూర ఎంత వండాలె? పెద్దబాపు, ఇంకో సంగతి ఉంది. మన పెయ్యికి పగలొక లెక్క, రాత్రొక లెక్క. చక్కెరను సర్దే ఇన్సులిన్ రాత్రి పూట పగలంత బాగ పనిచెయ్యదు. అదే అన్నం, అదే పప్పు మధ్యాహ్నం తింటే ఒక తీరు, అర్ధరాత్రి తింటే రక్తంల చక్కెర ఇంకా పైకి పోతది, దిగుడు కూడా ఆలస్యమే. నిద్ర తక్కువైతే ఆకలి పెరుగుతది, తీపి మీదికి, నూనె మీదికి మనసు పోతది. వాని నాలుక చెడ్డదని కాదు.

పెద్దబాపు: నైట్ షిఫ్టు నేను చెయ్యలేదా? ఎండకాలం మాకు రాలేదా? చంద్రాపూర్ ఎండ సంగతి నీకు చెప్పాలెనా? 46, 47 డిగ్రీలు. పొద్దున వండిన అన్నం పప్పుల కలిపి తీస్కపోతే బాయి కాడ మూత తీసే యాళ్లకు పులిసిన వాసన. ఒకటి రెండుసార్లు పారబోసినంక అన్నం బంద్ చేసిన. జొన్నరొట్టె, ఎర్రకారం, ఉల్లిగడ్డ. సీసల పచ్చిపులుసు. చింతపండు పులుపు ఎండకు ఖరాబు కాదు. ఎండలు ముదిరితే అంబలి. మరాఠోళ్ళు కూడా గదే తాగుతరు, అంబిల్ అంటరు. నా పక్కన కూసునేటోడు భాకరి, ఠేచా తెచ్చేటోడు. ఆయన ఠేచా నేను తినేది, మన కారం ఆయన తినేది.

బిడ్డ: చూసినవా, నువ్వు చెప్పేది కూడా నా మాటనే. కరీంనగర్ల పుట్టి అన్నం కోసం ప్రాణం పెట్టేటోనివి. ఎండ నీ డబ్బాలకెల్లి అన్నం తీసేసింది.

పెద్దబాపు: ఆగు. అన్నం తేవద్దని చెప్పింది ఎండ, ఒప్పుకుంట. రొట్టె తేవాలెనని చెప్పింది నేను. సమోస తినుమని ఎండ ఎవ్వనికీ చెప్పలే. నీకు ఒక్కటి అడుగుత, సమాధానం చెప్పు. మా బాయిల ఒక్కటే గ్యాంగు, ఒక్కటే షిఫ్టు, ఒక్కటే జీతం. క్వార్టర్లు కూడా పక్కపక్కన. గండ్లకెల్లి ఒకడు డబ్బా తెచ్చుకునేటోడు, ఇంకోడు క్యాంటీన్ల ఆలుబోండలు తిని దుకాణానికి పొయ్యేటోడు. పరిస్థితి ఒక్కటే గదా? మనుషులు ఎందుకు రెండు తీర్లయిండ్రు?

ఈ ప్రశ్న దగ్గర ఆమె కాసేపు మాట్లాడలేదు. తిండి గురించి రాసేవాళ్ళం చాలామందిమి దీన్ని తప్పించుకుని పోతాం. పరిస్థితులే అన్నీ చేస్తాయంటే ఒకే పరిస్థితిలో ఇద్దరు ఎందుకు వేరయ్యారో చెప్పలేం. మనిషి పట్టుదలే అంతా అంటే ఇంకో చిక్కు వస్తుంది. ఆమె పట్టుకున్నది ఆ చిక్కునే.

బిడ్డ: నువ్వు అడిగిందానికి నీ జవాబే సరైంది. ఇద్దరి మధ్యల తేడా ఎందుకని అడిగితే మనిషి గురించే చెప్పాలె. వాని అలవాటు, వాని పట్టుదల, వాని తల్లిదండ్రుల నుంచి వచ్చిన పెయ్యి. నేను అడిగేది వేరే. మీ గ్యాంగుల ముప్పై ఏండ్లు దాటంగనే షుగర్ వచ్చినోళ్ళు ఎందరు?

పెద్దబాపు: గప్పుడు... యాభై దాటినంక ఒక్కనికో ఇద్దరికో ఉండె.

బిడ్డ: ఇప్పుడు అన్నతోని పనిచేసేటోళ్ళల్ల?

పెద్దబాపు: శానమందికి ఉన్నదంటడు.

బిడ్డ: దేశమంతట గట్లనే ఉంది. ఐసీఎంఆర్ వాళ్ళు 2023ల లెక్క బయటపెట్టిండ్రు. పెద్దోళ్ళల్ల వందకు పదకొండు మందికి పైన షుగర్, అంటే పది కోట్ల మంది. నీ తరంల పట్టుదల ఉన్నోళ్ళు పుట్టిండ్రు, అన్న తరంల అందరూ నోరు ఆగనోళ్ళే పుట్టిండ్రంటవా? జెఫ్రీ రోజ్ అని బ్రిటన్‌ల ఒక డాక్టరు ఉండె. 1985ల ఆయన రాసిన వ్యాసంల ఇదే చెప్పిండు. లండన్ సర్కారు ఉద్యోగులల్ల ఒకనికి బీపీ ఎందుకుంది, ఇంకొకనికి ఎందుకు లేదు అంటే ఒక జవాబు. లండనోళ్ళందరి బీపీ కెన్యాల పశువుల మందలు తోలుకొని తిరిగేటోళ్ళ కంటే ఎందుకు ఎక్కువుంది అంటే ఇంకో జవాబు. మొదటిదానికి దొరికిన జవాబుతోని రెండోదాన్ని చెప్పలేం అన్నడు. నువ్వు మొదటిది అడుగుతున్నవు. నేను రెండోది అడుగుతున్న. ఊరంతా ఒక్కపారి ఒకే దిక్కు మారిందంటే అది ఒక్కొక్కని నోటి సంగతి కాదు.

పెద్దబాపు: ఊరంతా మారుడు నాకు తెల్వదా? మా చిన్నప్పుడు మా ఊర్ల తెల్లన్నం పండుగకే. రోజూ జొన్నగట్క, మక్కగట్క. ఎండకాలం గట్కల చల్ల పోసుకొని ఉల్లిగడ్డ కొరుక్కునేది. 1983ల రామారావు వచ్చి రెండు రూపాయలకు కిలో బియ్యం అన్నడు. అటెన్క శ్రీరాంసాగర్ కాల్వ నీళ్ళు వచ్చినకాడల్ల జొన్న చేండ్లు పొలాలైనయి. నేను ఇక్కడ్నుంచి సెలవుకు పోయినప్పుడల్ల చూసేది. ఏటికేడు గట్క తక్కువైంది. మా అన్న పిల్లలకు జొన్నరొట్టె అంటే పాతకాలం తిండి.

బిడ్డ: ఆ పిల్లలల్ల ఒక్కడన్న ‘నేను ఇయ్యాల్టి సంది జొన్న మానేస్త’ అని ఒట్టు పెట్టుకున్నడా?

పెద్దబాపు: లేదు.

బిడ్డ: రేషన్ల బియ్యం వచ్చింది, కాల్వ నీళ్ళు వచ్చినయి, పళ్ళెం తెల్లగైంది. ఇక్కడ కూడా అంతే. ఆహార భద్రత చట్టం వచ్చినంక మనిషికి ఐదు కిలోలు, ఎక్కువ బియ్యం, గోధుమలే. ఇప్పుడు పైసలు కూడా తీసుకుంటలేరు. ఉత్తగ వచ్చే బియ్యం ఇంట్ల పెట్టుకొని జొన్నలు కొనేటోడు ఎవడు?

పెద్దబాపు: సరే, బియ్యం మాట వచ్చింది గనుక అడుగుత. మనం తినేది ఏం బియ్యం?

బిడ్డ: హెచ్‌ఎంటీ.

పెద్దబాపు: అది ఎవలిచ్చిండ్రు? సర్కారు ఇచ్చిందా, పరిస్థితి ఇచ్చిందా? మన చంద్రాపూర్ జిల్లా, నాగ్‌భీడ్ తాలూకా, నాందేడ్ అనే పల్లె. దాదాజీ ఖోబ్రాగడే. కొద్దిపాటి భూమి, చదువు అంతంత మాత్రం. పటేల్ మూడు రకం వరి మడిల కొన్ని ఎన్నులు వేరే తీరు కనవడ్డయి. ఏరి పక్కకు పెట్టిండు. మళ్ళ నాటిండు, మళ్ళ ఏరిండు. ఏండ్లకేండ్లు. సన్నగింజ, వాసన, దిగుబడి. గప్పుడు హెచ్‌ఎంటీ గడియారాలకు పేరుండె, దీనికి గా పేరు వెట్టిండ్రు. విశ్వవిద్యాలయంల పెద్ద చదువులు చదివినోళ్ళు కూడా అదే రకాన్ని పీకేవీ హెచ్‌ఎంటీ అని విడుదల చేసిండ్రు. ఆయన 2018 జూన్‌ల పోయిండు, శానా ఇబ్బందులు పడి పోయిండు. ఆయన పరిస్థితి చూస్తే ఏం చెయ్యకుండ ఉండాల్సింది. చేసిండు. మరి మనిషిది ఏం లేదంటవా?

ఆ ఇంట్లో ఆ రోజు నేను విన్న మాటల్లో నాకు ఎక్కువ నచ్చినది ఇది. ఖోబ్రాగడే ఎంపిక చేసిన వరి మహారాష్ట్ర దాటి మన తెలంగాణ దాకా వచ్చింది. సన్నబియ్యం కొనేటప్పుడు ఆ పేరు పలికే వాళ్ళలో ఎంతమందికి ఆయన తెలుసు?

బిడ్డ: మనిషిది ఉంది పెద్దబాపు. ఆయన గొప్పతనం ఎక్కడుందో చూడు. తను ఒక్కడు మంచి అన్నం తిని ఊకోలే. లచ్చల మంది ముందు ఉన్న బియ్యాన్నే మార్చిండు. వాళ్ళెవ్వరూ పట్టుదల పట్టాల్సిన పని లేకపాయె, దుకాణంల అదే దొరికింది. నేను కోరేది గసొంటి పట్టుదల. అన్న రోజూ ఒక్కడే సమోసతోని కొట్లాడే పట్టుదల కాదు. అది ఎంతకాలం నిలుస్తది?

పెద్దబాపు: నిలిచినంత కాలం.

బిడ్డ: అమెరికాల 2019ల కెవిన్ హాల్ అని ఒకాయన ఇరవై మందిని ఆసుపత్రిల పెట్టి చూసిండు. రెండు వారాలు ప్యాకెట్లల్ల, డబ్బాలల్ల వచ్చే తిండి, రెండు వారాలు వండిన తిండి. ముందల పెట్టిన చక్కెర, కొవ్వు, పీచు రెండు తీర్లల్ల సమానం. ఎంత కావాలంటే అంత తినుమన్నడు. ప్యాకెట్ తిండి పెట్టినప్పుడు రోజుకు ఐదువందల కేలరీలు ఎక్కువ తిన్నరు, కిలో దాక బరువు పెరిగిండ్రు. వండిన తిండికి మారంగనే అంతే తగ్గిండ్రు. మనుషులు వాళ్ళే. రెండు వారాలల్ల వాళ్ళ పట్టుదల మారిందంటవా?

పెద్దబాపు: ఇరవై మందిని చూసి అందరి సంగతి చెప్తరా? ఫోన్ల కూడా గిట్లనే వస్తయి. చిన్న పళ్ళెంల తింటే తక్కువ తింటరంట. మీ పెద్దమ్మకు ఎవరో పంపిండ్రు.

బిడ్డ: అది నమ్మకు. పళ్ళేలు, గిన్నెల మీద బాగ పేరు తెచ్చుకున్నది కార్నెల్‌ల ఒక ప్రొఫెసర్, బ్రయన్ వాన్సింక్. ఆయన లెక్కలు నిలవలేదు. 2018ల ఒక్క రోజే ఆరు పత్రాలు వెనక్కి తీసుకున్నరు. పరిస్థితి ముఖ్యమని చెప్పే నేనే అంటున్న, ఆ పేరు మీద వచ్చేదల్ల నిజం కాదు. ఇరవై మందే అన్నవు, అది కూడా సరైన మాటే. అయితే ఒక్కొక్కన్ని లోపల పెట్టి, తిన్న ప్రతి ముద్ద తూచి చూసిండ్రు. అందుకే దాన్ని నేను పక్కకు పెట్టలేను.

పెద్దబాపు: పళ్ళెం సంగతి అబద్ధమే అన్నవు గదా. సంతోషం.

పెద్దమ్మ అప్పటిదాకా లోపల ఉంది. చాయ్ తెచ్చి, కూర్చోకుండానే అంది: “నాలుగింటికి లేచుడు నాకు అలవాటైందని ఆయన అనుకుంటడు. ఒక్కనాడన్న కాలే.” అంతే. ఎవరి పక్షమూ తీసుకోలేదు. ఆ తర్వాత కాసేపు పెద్దాయన గొంతు తగ్గింది.

బిడ్డ: అన్న రాత్రి పన్నెండింటికి ఆకలైతే ఏం చేస్తడో చూద్దాం. శివభోజన్ ఉంది. 2020 జనవరి 26 నుంచి పెట్టిండ్రు. పది రూపాయలకు రెండు చపాతీలు, కూర, పప్పు, అన్నం. మంచి తిండి. కాని మధ్యాహ్నం పూటనే. రాత్రి గేటు కాడ తెరిచి ఉండేది చాయ్ బండి, పాన్‌ఠేలా. చాయ్ బండి మీద పొద్దుటి నూనెల మళ్ళ వేయించిన సమోస. పాన్‌ఠేలాల ఖర్రా. ఖర్రా చేసేది నువ్వు చూసినవు గదా. సుపారి ముక్కలు, తంబాకు, సున్నం ప్లాస్టిక్ కాయితంల ఏసి, చెక్క మీద పెట్టి రుద్దుతడు. తడి ఎక్కి ఎర్రగైనదాక రుద్ది, అదే కాయితంల ముడి ఏసి ఇస్తడు. దవడల పెట్టుకుంటే నిద్ర పోతది, ఆకలి చచ్చిపోతది. రాత్రి డ్యూటీ చేసేటోనికి ఆ రెండే కావాలె. అన్న దాన్ని తిండికి బదులు తింటున్నడు. పొద్దున డ్యూటీ దిగినంక చచ్చిన ఆకలి ఒక్కపారే లేస్తది, అప్పుడు ఎదురుంగ ఉండేది తర్రి పోహా.

పెద్దబాపు: ఇంటికొచ్చి తినిపోవచ్చు. దూరమేముంది? మేము వచ్చేటోళ్ళం.

బిడ్డ: 2022 ఫిబ్రవరి మర్చిపోయినవా? థర్మల్ కేంద్రం ఆవరణల రాత్రి డ్యూటీ దిగి సైకిల్ మీద పోయేటాయన్ను పులి చంపింది. ఎంటనే దుర్గాపూర్‌ల పిల్లగాన్ని చిరుత ఎత్కపోయింది. నడుమ రాత్రి అన్నం కోసం బండి తీసుకొని రావాల్నా? వదిన రానియ్యదు. నేను కూడా రానియ్య.

పులి భయం మనిషి రాత్రి భోజనాన్ని సమోసాగా మార్చే ఊళ్ళు దేశంలో ఎక్కువ ఉండవు. హైదరాబాద్ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు నేను చదివాను. ఉప్పు రోజుకు ఐదు గ్రాములు మించవద్దు, కూరగాయలు, పప్పులు ఎక్కువ తినాలి అంటాయి. అన్నీ నిజాలే. తుకుంలో రాత్రి పన్నెండు గంటలకు వాటిని పాటించాలంటే ముందు తెరిచి ఉన్న వంటగది ఒకటి కావాలి.

పెద్దబాపు: మాకు క్యాంటీన్ ఉండె. రాత్రి కూడా తెరిచే ఉండె.

బిడ్డ: ఎట్ల వచ్చింది?

పెద్దబాపు: ఎట్ల వస్తది? చట్టం ఉంది గనుక వచ్చింది. యూనియన్ కొట్లాడితే నడిచింది. మొదట్ల పూరి, బోండలే చేసేటోడు. మేమే కూసోని లొల్లి పెట్టి అన్నం, పప్పు, రొట్టె పెట్టించినం. రేటు గోడ మీద రాయించినం.

బిడ్డ: మరి నీ నోరు కట్టుకునుడుల ఆ లొల్లి కూడా ఉందని ఇంతసేపు ఎందుకు చెప్పలే?

పెద్దబాపు: అది వేరే ముచ్చట అనుకున్న.

బిడ్డ: అదే ఈ ముచ్చట. ఫ్యాక్టరీల చట్టంల క్యాంటీన్‌కు 250 మంది దాటాలని ఉండె. కాంట్రాక్టు కార్మికులకు 1970 చట్టంలనే వంద మంది చాలు అని ఉండె. 2020ల చేసిన కొత్త కోడ్‌ల కూడా వందే, కాంట్రాక్టోళ్ళను కలిపే లెక్కపెట్టాలె. ఐదు గంటల పని మీద అరగంట విరామం అనేది ఫ్యాక్టరీల చట్టంల 1948లనే పెట్టిండ్రు. అన్న వాళ్ళు ఎందరున్నరు?

పెద్దబాపు: నూట నలభై మంది అంటడు. కాని కాంట్రాక్టరు ముగ్గురి పేర్ల మీద చూపిస్తడట, ఎవ్వని కింద కూడా వంద దాటకుండ.

బిడ్డ: గందుకే అర్జీ రాయాలె. ఎక్కడ పనిచేస్తున్నరో ఆ జాగ లెక్క తియ్యాలె గని, కాంట్రాక్టరు కాయితం లెక్క కాదు.

పెద్దబాపు: నేను రాస్త. మరాఠీల రాస్త, హిందీల రాస్తె ఇక్కడి ఆఫీసుల పక్కకు వెడుతరు. పనిచేసే జాగల ఎందరున్నరో హాజరీ పుస్తకం నకలు కావాలె, వాన్ని తెమ్మను. యూనియన్ పాత కార్యదర్శి ఇప్పుడు బల్లార్షాల ఉంటడు, ఆయన సంతకం కూడా తీసుకుంట. క్యాంటీన్ వస్తే మంచిదే. రాకపోతే?

బిడ్డ: రాకపోతే షిఫ్టు చార్టన్న వారం ముందు గోడకు అతికించాలని అడుగుదాం. దానికి పైసలేం కావు.

పెద్దబాపు: అది మొదటి పేరాల రాస్త. క్యాంటీన్ రెండోది. కాని ఒక్కటి చెప్తున్న బిడ్డా. ఖర్రా మాత్రం వాడు రేపే ఇడిసిపెట్టాలె. దానికి ఏ కాయితం అక్కర లేదు, నేనే మాట్లాడుత.

బిడ్డ: మాట్లాడు. తిట్టకు. రాత్రి రెండింటికి నిద్ర ఆపుకునుడుకు ఖర్రా బదులు ఏమిస్తవో కూడా అనుకొని పో.

పెద్దబాపు: పుట్నాలు, పల్లీలు ఏయించి జేబుల పోసి పంపుత. నేనే ఏయించి పెడుత, మీ పెద్దమ్మ కాదు.